ఏ కారు మంచిది? రోడ్డు కారా, ట్రాక్ కారా?

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో పోర్షే అనే కార్ల కంపెనీ ఉంది. ఆ కంపెనీ 1963లో 911 అనే స్పోర్ట్స్ కారును మొదటిసారి ప్రదర్శనకు పెట్టింది. ఇప్పటికీ ఆ పేరుతో కార్లు తయారవుతున్నాయి. కాని 911 అంటే ఒకే కారు కాదు, అదొక కుటుంబం. ఆ కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములను ఈ పాఠం కోసం పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

మొదటిది 2019లో వచ్చిన 911 కరేరా. దీని ఇంజను 385 అశ్వసామర్థ్యం ఇస్తుంది. బరువు 1505 కిలోలు. వెనుక రెండు చిన్న సీట్లున్నాయి. 911 కార్లలో ఇంజను వెనుక ఉంటుంది కనుక ముందు భాగంలో పెట్టెలు పెట్టుకోవడానికి చోటుంది.

రెండవది 2022లో వచ్చిన 911 జీటీ3 ఆర్ఎస్. దీని ఇంజను 525 అశ్వసామర్థ్యం ఇస్తుంది. బరువు 1450 కిలోలు. తలుపులు, పైకప్పు కార్బన్ ఫైబరుతో చేశారు. వెనుక సీట్లు లేవు. పెట్టెలు పెట్టుకునే చోటును పెద్ద రేడియేటర్ ఆక్రమించింది. వెనుక ఎత్తుగా ఒక రెక్క ఉంది. ధర మాత్రం మొదటి దానికి రెట్టింపు కంటే ఎక్కువ!

సీట్లు తక్కువ, సామానుకు చోటు లేదు, కుదుపు ఎక్కువ. అయినా ధర ఎక్కువ. ఇదేమి విచిత్రం? డబ్బు ఎక్కువ పోసి సుఖం తక్కువ కొనుక్కోవడమెందుకు? ఈ ప్రశ్నకు జవాబు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది.

స్ప్రింగు చెప్పే సంగతి

కారు నాలుగు చక్రాలకూ పై భాగానికీ మధ్య స్ప్రింగులుంటాయి. స్ప్రింగును ఎంత బలంతో నొక్కితే అంత కుంగుతుందని హుక్ నియమం చెబుతుంది. మెత్తని స్ప్రింగు కొద్ది బలానికే ఎక్కువ కుంగుతుంది. గట్టి స్ప్రింగు అంతే బలానికి కొంచెమే కుంగుతుంది.

స్ప్రింగు మీద బరువు పెట్టి వదిలితే అది పైకి, కిందికి ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దానినే పౌనఃపున్యం అంటాం. హాయిగా ప్రయాణించడానికి చేసిన కార్లలో ఇది సెకనుకు ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటుంది. గాలి బలాన్ని బాగా వాడుకునే రేసు కార్లలో మూడు, నాలుగు, అంతకు మించి కూడా ఉంటుంది. మన శరీరం పైకీ కిందికీ ఊగే ఊపుల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉండేవాటిని ఎక్కువగా బాధపడుతూ గుర్తిస్తుంది. గట్టి స్ప్రింగులు మనలను ఆ హద్దుకు దగ్గరగా తీసుకుపోతాయి. ట్రాక్ కారులో గంటసేపు గతుకుల రోడ్డు మీద పోతే ఒళ్ళు హూనం కావడానికి ఇదొక కారణం.

మరి గట్టి స్ప్రింగులు ఎందుకు పెట్టాలి? బస్సు మలుపు తిరిగినప్పుడు మీరు పక్కవారి మీదికి ఒరగడం మీకు అనుభవమే. జడత్వం వల్ల అలా జరుగుతుంది. కారు పై భాగం కూడా అలాగే మలుపుకు బయటివైపు ఒరుగుతుంది. స్ప్రింగులు మెత్తనివైతే ఎక్కువగా, మెల్లగా ఒరుగుతుంది. వెంట వెంటనే కుడి, ఎడమ మలుపులు వచ్చే ట్రాక్ మీద ఆ ఊగిసలాట డ్రైవరుకు పెద్ద చిక్కు. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. అది గాలి.

గాలి వేసే బరువు

విమానం రెక్క విమానాన్ని పైకి లేపుతుంది. కారు వెనుక ఉన్న రెక్కను తలకిందులు చేసిన విమానం రెక్క అనుకోండి. అది కారును నేలకేసి నొక్కుతుంది. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఆ రెంటినీ ఒకదానికొకటి అదిమే బలాన్ని బట్టి పెరుగుతుంది. బరువు మోయకుండానే బరువు పెరిగినంత పట్టు దొరుకుతుందన్న మాట.

జీటీ3 ఆర్ఎస్ గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి దానిని 409 కిలోల బరువుతో నొక్కుతుందనీ, 285 కిలోమీటర్ల వేగంలో 860 కిలోలతో నొక్కుతుందనీ కంపెనీ ప్రకటించింది. ఈ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కంపెనీ అంకెలు ఇంచుమించు ఆ లెక్కకు సరిపోతాయి. మీరే చూడండి: 285ను 200తో భాగించి, వచ్చిన దాని వర్గంతో 409ని గుణిస్తే సుమారు 830 వస్తుంది.

ఇప్పుడు ఊరి రోడ్డు మీదికి రండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ రెక్క ఎంత పని చేస్తుంది? 60ని 200తో భాగిస్తే 0.3. దాని వర్గం 0.09. దానితో 409ని గుణిస్తే 37 కిలోలు కూడా రాదు. ఒక హైస్కూలు పిల్లవాడు కారు మీద కూర్చుంటే పడే బరువు అది! అంత ఖరీదైన రెక్క ఊళ్ళో దాదాపు అలంకారమే.

ఇక రెక్కకూ స్ప్రింగుకూ ఉన్న సంబంధం చూద్దాం. సెకనుకు 1.25 సార్లు ఊగే మెత్తని స్ప్రింగుల మీద కారును నిలబెడితే, దాని సొంత బరువుకే స్ప్రింగులు సుమారు 16 సెంటీమీటర్లు కుంగుతాయి. 1450 కిలోల కారు మీద గాలి మరో 860 కిలోలు మోపితే ఇంకో 9 సెంటీమీటర్లకు పైగా కుంగాలి. ఇలాంటి కార్ల అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ పది, పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే. అంటే కారు పొట్ట దాదాపు నేలకు తగులుతుంది. పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి 2.5 చేస్తే? కుంగుదల నాలుగో వంతవుతుంది, అంటే రెండున్నర సెంటీమీటర్ల లోపే. రెక్క కావాలంటే గట్టి స్ప్రింగు తప్పదు. గట్టి స్ప్రింగు వస్తే కుదుపు తప్పదు. చూశారా, ఒకటి అడిగితే రెండోది వెంట వస్తుంది.

మెత్తదనం విలాసం కాదు

మెత్తని స్ప్రింగులు సుఖం కోసమే అనుకుంటే పొరపాటు. గతుకు మీద చక్రం పైకి లేచిందనుకోండి. మెత్తని స్ప్రింగు, దానికి జోడైన షాక్ అబ్జార్బర్ కలిసి చక్రాన్ని వెంటనే రోడ్డుకు ఆనించగలవు. మరీ గట్టిగా బిగించిన చక్రం గతుకు గతుకుకూ ఎగిరిపడుతుంది. చక్రం గాలిలో ఉన్నంతసేపు నేలను అదిమే బలం సున్న. అందుచేత ఘర్షణ కూడా సున్న. అప్పుడు బ్రేకు వేసినా ఆ చక్రం కారును ఆపలేదు, స్టీరింగు తిప్పినా మలచలేదు. కంకర దారుల మీద జరిగే ర్యాలీ పోటీల కార్లను చూడండి. అవీ పోటీ కార్లే. అయినా వాటి స్ప్రింగులు మెత్తగా, ఎక్కువ దూరం కదిలేలా ఉంటాయి. దారి మారితే సరైన స్ప్రింగు కూడా మారుతుంది.

టైరు, వాన

నునుపైన రేసు టైరును మీరు బొమ్మల్లో చూసి ఉంటారు. పొడి రోడ్డు మీద గాడులు లేని టైరు ఎక్కువ రబ్బరును నేలకు ఆనిస్తుంది. ఆ రబ్బరు మెత్తనిది, వేడెక్కితే ఇంకా బాగా పట్టుకుంటుంది. రోడ్డుకు పనికివచ్చేలా చేసిన ట్రాక్ టైర్లలో గాడులుంటాయి గాని తక్కువగా ఉంటాయి. వాన పడితే కథ తిరగబడుతుంది. టైరు కింద నీరు గాడుల గుండా పక్కకు పోవాలి. పోలేకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు వాహనం డ్రైవరు మాట వినదు. టైరు ఎంత వెడల్పయితే ఈ ప్రమాదం అంత ఎక్కువ. కరేరా వెనుక టైరు వెడల్పు 295 మిల్లీమీటర్లు, జీటీ3 ఆర్ఎస్‌ది 335.

ఇక్కడ మన ఊళ్ళలో వినిపించే ఒక ప్రమాదకరమైన మాటను సరిదిద్దాలి. "రేసు టైరు నునుపుగా ఉంటుంది కదా, అరిగిన టైరు కూడా బాగానే పట్టుకుంటుంది" అని కొందరంటారు. ఇది తప్పు. అరిగిన టైరులో మిగిలింది రేసు టైరు మెత్తని రబ్బరు కాదు. పైగా మన రోడ్డు మీద నీరుంటుంది, ఇసుక ఉంటుంది. మీ ఇంట్లో స్కూటరో, మోటారు సైకిలో ఉంటే ఈ సాయంత్రమే దాని టైర్ల గాడులు చూడండి. అరిగిపోతే పెద్దలకు చెప్పండి.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ దగ్గరి వీధుల్లో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. ఆ పోటీ కార్లకు గాడులున్న టైర్లే వాడారు. పొడిలోనూ తడిలోనూ ఒకే రకం టైరు పనికిరావాలన్నది అప్పటి నియమం. పోటీ అనగానే నునుపు టైరు అనుకోనక్కర లేదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంజను, బ్రేకులు

కరేరా ఇంజను తన గరిష్ఠ టార్క్, అంటే చక్రాలను తిప్పే బల భ్రామకం, 450 న్యూటన్ మీటర్లను నిమిషానికి 1950 చుట్ల దగ్గరే అందుకుని 5000 వరకు నిలబెడుతుంది. జీటీ3 ఆర్ఎస్ ఇంజను 465 న్యూటన్ మీటర్లు ఇస్తుంది గాని, నిమిషానికి 6300 చుట్ల దగ్గర! బజారులో ఆగుతూ కదులుతూ పోయేవారికి తక్కువ చుట్లలో దొరికే బలం కావాలి. ట్రాక్ మీద ఇంజను ఎప్పుడూ జోరుగానే తిరుగుతుంది కనుక అక్కడ ఆ ఇబ్బంది లేదు.

బ్రేకుల సంగతీ అంతే. 1500 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంలో పోతుంటే దాని గతిజశక్తి 3 లక్షల జౌళ్ళు. 216 కిలోమీటర్ల వేగంలో 27 లక్షల జౌళ్ళు. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలు. కారును ఆపేటప్పుడు ఈ శక్తిలో ఎక్కువ భాగం బ్రేకులలో ఉష్ణంగా మారుతుంది. 27 లక్షల జౌళ్ళతో తొమ్మిది లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయవచ్చు! ట్రాక్ మీద ఇది ప్రతి చుట్టులో ఎన్నోసార్లు జరుగుతుంది. అందుకే ట్రాక్ కారుకు పెద్ద బ్రేకులు, వాటికి గాలి తగిలే దారులు ఉండాలి. రోడ్డు మీద అంత వేడి పుట్టే అవసరమే రాకూడదు.

మరి ఏది మంచిది?

జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ అనే ప్రసిద్ధమైన ట్రాక్ ఉంది. 1927లో తెరిచారు. దాని ఉత్తర వలయం పొడవు 20.832 కిలోమీటర్లు. 2022లో యోర్గ్ బెర్గ్‌మైస్టర్ అనే డ్రైవరు జీటీ3 ఆర్ఎస్‌లో దానిని 6 నిమిషాల 49.328 సెకన్లలో చుట్టివచ్చాడు. సగటు వేగం గంటకు 183 కిలోమీటర్లు. ఆ పనికి కరేరా దీని సాటి రాదు. కాని అదే జీటీ3 ఆర్ఎస్‌లో వానాకాలం రాత్రి, పిల్లలతో, పెట్టెలతో, గుంటల దారిలో బంధువుల ఊరికి బయలుదేరితే? అప్పుడు కరేరాయే మేలు. అది మంచి సీట్ల వల్ల మాత్రమే కాదు, చక్రాలు నేలను విడవకుండా ఉంటాయి కనుక.

కాబట్టి కొనేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సంవత్సరంలో ఎన్ని రోజులు రోడ్డు మీద, ఎన్ని రోజులు ట్రాక్ మీద నడుపుతాను? ఆ రోడ్డు ఎలాంటిది, వాన ఎంత? నాతో ఎవరు, ఏమి వస్తారు? మూడు వందల రోజులు రోడ్డు మీద, అయిదు రోజులు ట్రాక్ మీద తిరిగేవాడు ట్రాక్ కారు కొంటే, అయిదు రోజుల ఆనందానికి మూడు వందల రోజులు కుదుపు చెల్లిస్తాడు. వారం వారం ట్రాక్‌కు పోయేవాడు సుఖమైన కారు కొంటే, దాని బ్రేకులనూ టైర్లనూ త్వరగా అరగదీస్తాడు.

మధ్యే మార్గం లేదా? కొంత ఉంది. షాక్ అబ్జార్బరులో నూనె పారే దారిని విద్యుత్తుతో పెంచి, తగ్గించే ఏర్పాటు నేడు చాలా కార్లలో వచ్చింది. జీటీ3 ఆర్ఎస్‌లో దీనిని స్టీరింగు చక్రం మీది బొత్తాలతోనే మార్చుకోవచ్చు. కాని స్ప్రింగు గట్టిదనం, టైరు గాడులు, లేని సీట్లు బొత్తాంతో మారవు.

చేసి చూడండి

ఒక రబ్బరు బ్యాండుకు చిన్న రాయి కట్టి వేలాడదీయండి. కొద్దిగా కిందికి లాగి వదిలి, పది సెకన్లలో ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. తరువాత అలాంటివే రెండు బ్యాండులు పక్కపక్కన కలిపి అదే రాయి కట్టి చూడండి. లెక్క సుమారు 1.4 రెట్లవుతుంది. ఇప్పుడు బ్యాండును పట్టుకున్న చేతిని చిన్నగా, చాలా వేగంగా పైకి కిందికి ఆడించండి. మొదటి అమరికలో రాయి దాదాపు కదలకుండా ఉంటుంది. మీ చెయ్యి గతుకుల రోడ్డు, రాయి ప్రయాణికుడు!

ఆలోచించండి

1. జీటీ3 ఆర్ఎస్ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పోతుంటే గాలి దానిని ఎంత బరువుతో నొక్కుతుంది?
2. ఖాళీ లారీ ఎక్కువ కుదుపుతుంది, సరుకు నింపిన లారీ తక్కువ కుదుపుతుంది. ఎందుకు?
3. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక 8 మీటర్లలో ఆగే వాహనం, 80 కిలోమీటర్ల వేగంలో ఎంత దూరంలో ఆగుతుంది?

జవాబులు: 1. సుమారు 102 కిలోలు. 2. స్ప్రింగు అదే, ద్రవ్యరాశి పెరిగింది. అందువల్ల పౌనఃపున్యం తగ్గింది. 3. 32 మీటర్లు. ఈ మూడవ లెక్క ఏ వాహనానికైనా వర్తిస్తుంది, మీరు రేపు నడపబోయే దానికి కూడా.