రాబందు పోయింది - కుక్క వచ్చింది



మొన్న వేసవి సెలవుల్లో మా తమ్ముణ్ణి ఊరకుక్క కరిచింది. పిక్క మీద నాలుగు గాట్లు. అవ్వ పరుగున వచ్చి సున్నం, పసుపు పూసింది. తరగతిలో చదివింది గుర్తుండి నేను అదంతా కడిగేసి, సబ్బు పెట్టి పావుగంట నీళ్ళ ధార కింద గాయం కడిగినాను. వాడు ఒకటే ఏడుపు. ఆ పూటే ఆసుపత్రికి పోయి సూది వేయించినాం. రేబిస్ లక్షణాలు బయటపడినాక బతకడం దాదాపు ఉండదు, అందుకే అంత తొందర. తర్వాతి సూదులూ తప్పకుండా వేయించినాం.

ఆ రాత్రి తాత అన్నాడు: "మా కాలంలో గొడ్డు చచ్చి పడితే రాబందులు దిగేవిరా. ఒక్క పూటలో ఎముకలే మిగిలేవి. ఇప్పుడు కుక్కలు తింటుండాయి."

కుక్కకాటుకూ రాబందుకూ ఏం సంబంధం? బడి తెరిచినాక సైన్సు సారును అడిగితే ఇట్లా చెప్పినారు.

ఎద్దుకు కాలు వాస్తే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేసేవాళ్ళు. మనుషులకూ ఇచ్చే మందే. కానీ సూది వేసిన కొద్ది రోజుల్లో ఎద్దు చస్తే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం పెరిగి లోపలి అవయవాల మీద తెల్లగా సుద్దలాగా పేరుకుంటుంది. పక్షి చచ్చిపోతుంది. మొదట అందరూ ఏదో అంటురోగం అనుకున్నారు. మందే కారణమని 2004లో పాకిస్తాన్ పరిశోధనలో తేలింది. మన దేశంలో 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులుంటే 2007కు ఒక్కటి మిగిలినట్లు లెక్క!

తినే పక్షి పోతే కళేబరం కుక్కలపాలైంది. తిండి దొరికితే గుంపు పెరుగుతుంది. మహానంది కోనేట్లో పడిన పువ్వు కాలువెంట అరటితోటలో తేలినట్లే, ఎద్దుకు వేసిన సూది తిరిగి తిరిగి మనిషి దగ్గరికొచ్చింది. మా తమ్ముణ్ణి కరిచిన కుక్కకు ఇదే కారణమని అనను గానీ, తాత మాటలో శాస్త్రం ఉంది.

పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో ప్రభుత్వం నిషేధించింది. మెలాక్సికామ్ వాడితే రాబందుకు హాని లేదు. మనుషుల మందు పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో 3 మి.లీ. సీసాలకే పరిమితం చేసినారు.

వార్డెన్ సారుకు ఒక మనవి. మన వంటశాల వెనక మిగిలిన అన్నం గుంతలో వేసి మూత పెట్టిద్దాం. రాత్రిపూట కుక్కలు అక్కడే చేరుతున్నాయి.

కుక్కల్ని కొట్టి చంపమని నేననను. మా గూడెంలో వేటకూ కాపలాకూ అవే తోడు. వాటికీ రేబిస్ సూది ఉంది. దసరాకు పోయినప్పుడు మా రెండు కుక్కలకూ వేయించినాను. గూడెంలో ఇంకా పదకొండు ఉన్నాయి.