మడ్డి నుంచి లివర్ దాకా

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా మొలాసిస్ వాసన ఎరగని ఇల్లు ఈ చెరకు సీమలో తక్కువ. ఆ మడ్డి మందుగా ఎలా మారుతుందో, మారాక మన లివర్‌ను ఏం చేస్తుందో వరసగా చూద్దాం.

1. మడ్డి తీయడం: చెరకు రసాన్ని సున్నంతో తేర్చి చిక్కబడేదాకా కాస్తారు. పలుకు కట్టాక గిర్రున తిప్పే జల్లెడలో వేస్తే చక్కెర లోపల నిలుస్తుంది, నల్లటి మడ్డి బయటికి జారుతుంది. వేలు ముంచి తీస్తే తీగలా సాగుతుంది. అందులో ఇంకా దాదాపు సగం చక్కెరే.

2. పులియబెట్టడం: నీళ్లు పోసి పలుచన చేసి, ఈస్టు వేస్తారు. తొట్టంతా నురగ పొంగుతుంది. ఒకటి రెండు రోజుల్లో చక్కెర ఆల్కహాల్ అవుతుంది, 7-9 శాతం దాకా.

3. బట్టీ పట్టడం: ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పడితే 95 శాతం స్పిరిట్ వస్తుంది. దాన్ని శుద్ధిచేసి, నీళ్లు, రంగు, రుచి కలిపి 42.8 శాతానికి తెచ్చి సీసాల్లో నింపుతారు.

4. లివర్ పని: 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. లివర్ గంటకు 7-8 గ్రాములే కరిగించగలదు. అంటే ఒక్క క్వార్టర్‌కు ఎనిమిది గంటల చాకిరి. మధ్యలో పుట్టే ఎసిటాల్డిహైడ్ విషం. ఏళ్ల తరబడి ఇదే సాగితే ముందు కొవ్వు పడుతుంది, తర్వాత వాపు, చివరికి గట్టిపడి సిర్రోసిస్. కొవ్వు దశలో మానేస్తే లివర్ కోలుకుంటుంది. ఆ దశలో నొప్పి ఉండదు కాబట్టే చాలామంది పట్టించుకోరు. కళ్లు పచ్చబడి, కడుపులో నీరు చేరాక ఆసుపత్రికి వస్తారు.

రోజూ తాగేవాళ్లు ఉన్నపళంగా మానకూడదు. వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డా అంతే. డాక్టరు చేతుల మీదుగానే మానాలి.

5. వైరస్ తోడైతే: హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా సోకుతాయి. బి తల్లి నుంచి బిడ్డకూ వస్తుంది. వీటికి తాగుడు తోడైతే లివర్ ఇంకా త్వరగా చెడుతుంది. కామెర్లకు పసరు పోయిస్తూ వారాలు పోగొట్టకండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సి రకం చాలామందికి 12 వారాల మాత్రలతోనే నయమవుతుంది.

6. ఈస్టుతోనే టీకా: హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. ఆ వైరస్ పైపొర ప్రోటీన్ తయారుచేసే జన్యువును ఈస్టులో పెడతారు. ఈస్టు పెరుగుతూ ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. దాన్ని వేరుచేసి, శుద్ధిచేస్తే టీకా. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఇలాగే మన దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. మీ ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటల్లోపు మొదటి డోసు అడిగి వేయించండి.