‘మోల్డ్’ అని రాసి వదిలేయకండి

పాశమైలారం, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల్లో క్యూసీ మైక్రోబయాలజీలో కొత్తగా చేరినవాళ్లు ప్లేటు మీద బూజు కనబడగానే ‘మోల్డ్ – 1’ అని రాసి ఊరుకుంటారు. అక్కడికి లెక్క తేలింది కానీ పని సగమే అయింది. క్లాడోస్పోరియం అయితే బయటి గాలి ఎక్కడ దూరిందో వెతకాలి. కీటోమియం అయితే తడిసిన అట్టపెట్టెల మీద అనుమానపడాలి. పేరు తెలిస్తేనే మూలం దొరుకుతుంది.

ముందు తొందర మానాలి. ఎస్‌డీఏ ప్లేటును 20–25 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 రోజులు ఉంచాలి. బూజు పట్టిన ప్లేటు మూత బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తీయాలి. గాలి మనవైపు వీచే లామినార్‌లో తీస్తే స్పోర్లన్నీ మీ ముఖానికే.

కాలనీ పైరంగుతో పాటు ప్లేటు తిరగేసి అడుగు రంగూ రాసుకోండి. తర్వాత పారదర్శకమైన సెల్లోటేపు ముక్కతో కాలనీని తాకి, స్లైడు మీద లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్కలో అతికించండి. కాలనీ నడిమధ్య అంతా స్పోర్లే, చివరి అంచున ఉత్త పోగులే ఉంటాయి. ఆ రెంటి నడుమ భాగాన్నే తాకాలి. పోగు కొస ఉబ్బి, దాని చుట్టూ స్పోర్ల గొలుసులుంటే ఆస్పర్జిల్లస్. ఉబ్బు లేకుండా కుంచెలా చీలితే పెన్సిలియం.

ఈస్టు అయితే సీరంలో కలిపి 37 డిగ్రీల దగ్గర 2–3 గంటలు ఉంచి చూడండి. మొలక గొట్టం వస్తే చాలావరకు క్యాండిడా ఆల్బికాన్స్.

ఆసుపత్రి ల్యాబ్‌లో పేరు మీద వైద్యమే ఆధారపడుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ (మ్యూకర్‌మైకోసిస్) కేసులు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెల్లువెత్తాయి. ఇలాంటి కేసుల్లో కల్చర్ కోసం రోజులు ఆగకుండా ముందు కేవోహెచ్ మౌంట్ చూస్తారు. వెడల్పాటి, అడ్డుగోడలు దాదాపు లేని పోగులైతే మ్యూకర్ వర్గం. సన్నగా, అడ్డుగోడలతో ఉంటే ఆస్పర్జిల్లస్ అనుమానం. ఆస్పర్జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు, దానికి యాంఫోటెరిసిన్ కావాలి.

పేరు తేల్చడానికి మాల్డీ–టాఫ్, ఐటీఎస్ సీక్వెన్సింగ్ ఉన్నా కల్చర్ శుద్ధంగా లేకపోతే ఫలితాన్ని నమ్మలేం. ఆ పరీక్షలకు పంపేముందు సబ్‌కల్చర్ చేయండి.

ఫొటో, తేదీ, శాంపిల్ పాయింట్, పేరు ఒకే వరుసలో రాయడం అలవాటు చేసుకోండి. అదే పేరు అదే పాయింట్ దగ్గర మళ్లీ మళ్లీ వస్తే మెయింటెనెన్స్ వాళ్లకు చూపించడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.