డిసెంబరు నిరీక్షణ: ఇంట్లో మనం చేయాల్సింది



అమెరికా కాలేజీలకు నవంబరులో ‘ఎర్లీ డెసిషన్’ దరఖాస్తు పెట్టిన పిల్లలకు ఫలితం సాధారణంగా డిసెంబరు మధ్యలో వస్తుంది. న్యూయార్క్‌లో సాయంత్రం 7 అయితే మనకు మర్నాడు తెల్లవారుజాము 5:30.

జవాబు మూడు రకాలు: సీటు రావడం, రాకపోవడం, ‘డిఫర్’. డిఫర్ అంటే రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్లీ చూస్తారు. సీటు వస్తే చేరతామని ముందే ఒప్పుకున్నాం కనుక మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. రాకపోతే చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి మొదట్లోనే. మధ్యలో ఉండేది దాదాపు రెండు వారాలే. అందుకే ఆ వ్యాసాలు ఇప్పుడే రాయించి ఉంచండి.

“ఏమైనా తెలిసిందా?” అని రోజూ అడగకండి. బంధువులకు ముందే చెప్పకండి. ఫలితాన్ని మొదట బిడ్డనే చూడనివ్వండి. సీటు రాకపోతే ఆ పూట సలహాలు వద్దు. పక్కన కూర్చుని టిఫిన్ తినిపించండి, చాలు.