సోలో మైనింగ్ గురించి మేనల్లుడికి

యానాం

చిన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడి మేడమీది గదిలో బిట్‌కాయిన్ మిషన్ పెట్టి, నలుగురూ కలిసి తవ్వి పంచుకునే ఏ పూల్‌లోనూ చేరకుండా సోలోగా మైనింగ్ చేస్తానన్నావు. 2022 జనవరిలో 126 టెరాహాష్‌ల బలంతో ఒకరు ఒంటరిగా బ్లాకు కొట్టి 6.25 బిట్‌కాయిన్లు తీసుకున్నారని ధైర్యం చెప్పావు. అది నిజమే. కానీ అదే రోజు మిషన్లు ఆడించి ఏమీ దక్కనివాళ్ల సంగతి ఎవరూ వార్తగా రాయరు కదా. మన లెక్క వాళ్లవైపు నుంచి వెయ్యాలి.

నువ్వు అనుకుంటున్న ఆంట్‌మైనర్ ఎస్21 బలం 200 టెరాహాష్‌లు. నెట్‌వర్క్ మొత్తం 2025లోనే వంద కోట్ల టెరాహాష్‌ల దాకా వెళ్లింది. అంటే ఒక్కో బ్లాకులో నీ వంతు 50 లక్షల్లో ఒకటి. పది నిమిషాలకో బ్లాకు చొప్పున ఏడాదికి 52,560 బ్లాకులు. కాబట్టి ఏడాదిలో ఒక్కటి దొరికే అవకాశం సుమారు ఒక శాతం, సగటున 95 ఏళ్లకొకటి. "ఓపిక పడతాను మామయ్యా" అన్నావు చూడు, నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే. గౌతమిలో పులసకు సీజనుంది, ఎదురుచూసిన కొద్దీ ఆ రోజు దగ్గరపడుతుంది. ఇక్కడ ప్రతి బ్లాకూ కొత్త పందెమే. మూడేళ్లు మిషన్ ఆడించినవాడికీ ఇవాళే మొదలుపెట్టినవాడికీ తర్వాతి బ్లాకులో అవకాశం ఒక్కటే. 95 ఏళ్లు ఆడించినా ఒక్కటీ దొరక్కపోయే అవకాశం 37 శాతం ఉంటుంది. పైగా 2,016 బ్లాకులకోసారి, అంటే సుమారు రెండు వారాలకోసారి, బ్లాకు దొరకడంలోని కష్టాన్ని నెట్‌వర్క్ కొత్తగా లెక్క కడుతుంది. పక్కవాళ్లు మిషన్లు పెంచితే కదలకుండా కూర్చున్న నీ వంతు తగ్గిపోతుంది.

 

ఇక డబ్బు సంగతి. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లే. బిట్‌కాయిన్ 80 లక్షలనుకుంటే రెండున్నర కోట్లు. నీ ఒక శాతం పైచిలుకు అవకాశానికి ఏడాది సగటు విలువ రెండు లక్షల అరవై వేలు. మిషన్ 3,500 వాట్లు లాగుతుంది, ఏడాదికి 30,660 యూనిట్లు. యానాంలో కరెంటు చవకంటావు, ఆ చవక కింది స్లాబుల్లోనే. నెలకు రెండున్నర వేల యూనిట్లు వాడే ఇంటికి పై స్లాబే. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా రెండు లక్షల పదిహేను వేలు. ఎండాకాలం ఆ గదిని చల్లబరిచే ఖర్చు వేరే. మిగిలేలాగే కనిపిస్తోంది కదా? అమ్మినప్పుడు 30 శాతం పన్నుంది. కొన్న ధర తప్ప మరే ఖర్చూ అందులో తీసెయ్యనివ్వరు. మైనింగ్ మిషన్ల ఖర్చు కొన్న ధర కిందికి రాదని 2022 మార్చిలో ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. పన్ను పోగా మిగిలే సగటు లక్షా ఎనభై రెండు వేలు. అది కరెంటు బిల్లుకే చాలదు, మిషన్ ధర కలపకముందే నష్టం.

పూల్‌వాళ్లకు కమిషన్ ఎందుకివ్వాలని అడిగావు. పూల్‌లో సగటు పెరగదు, నిజమే, కమిషన్ మేర తగ్గుతుంది కూడా. కాకపోతే అక్కడ రోజూ కాసిన్ని పైసలు పడతాయి కాబట్టి బిల్లు పక్కన పెట్టి చూస్తే నెలలోపే నష్టం తెలిసిపోతుంది. సోలోలో ఆ నష్టం ఏళ్ల తరబడి ఆశ చాటున దాక్కుంటుంది. నీలాంటి పట్టుదలగలవాడికి అదే ప్రమాదం. తెలివి తక్కువై కాదురా, మొదలెట్టిన పని వదలవు కాబట్టే నా భయం.

ఈ సాంకేతికత నేర్చుకోవాలనే కోరిక మాత్రం మంచిదే. అందుకు పదిహేడు వాట్లతో నడిచే బిట్‌యాక్స్ అనే చిన్న మైనింగ్ మిషన్ చాలు. దానికి బ్లాకు దొరుకుతుందని ఎదురుచూడకు, ఎలా పనిచేస్తుందో చూడు. దాని కరెంటు బిల్లు నేను కడతాను. పెద్ద మిషన్‌కు అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకు. కట్టేసుంటే ఈ వారమే వెనక్కి అడుగు.

ఆశీస్సులతో,
మీ మామయ్య