తమ్ముడి సూట్‌కేసులో రైఫిల్ విడిభాగాలు

సమస్య

మాది విజయవాడ. మావారు చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ తరఫున షూటింగ్ పోటీలకు వెళ్లేవారు. ఆయన పేర లైసెన్సుతో ఒక .22 రైఫిల్ ఉంది. జర్మనీలో తయారైనది, పాతది. మా పెద్దమ్మాయికి పద్దెనిమిదేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రాష్ట్ర పోటీల దాకా వచ్చింది. ఇప్పుడు 50 మీటర్ల పోటీలకు మారతానని తండ్రితో కలిసి రేంజ్‌కి వెళ్తోంది.

ఆ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్ అరిగిపోయిందట, ట్రిగ్గర్ కూడా మార్చాలట. ఇక్కడ దొరకడం కష్టమంటున్నారు. మా తమ్ముడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. బావ అడిగాడని రెండూ అక్కడే కొనేసి ఇంట్లో పెట్టుకున్నాడు. కుదిరితే బారెల్ కూడా తెస్తానంటున్నాడు. పిల్లల బొమ్మల్లో ఒకటి, పనిముట్ల సంచిలో ఒకటి పెట్టేస్తే ఎవరూ పట్టించుకోరట. వీళ్లిద్దరూ రోజూ వాట్సాప్‌లో ఇదే మాట్లాడుకుంటున్నారు.

నాకు భయమేసి వద్దన్నాను. “తుపాకీ తెమ్మన్నానా? పిన్ను, స్ప్రింగు. నీ పిరికితనంతో పిల్ల భవిష్యత్తు పాడుచేస్తున్నావ్” అని మావారు కేకలేశారు. తమ్ముడేమో “అక్కా, ఇక్కడ ఇవి ఎవరైనా కొనుక్కోవచ్చు, నువ్వు ఊరికే కంగారుపడకు” అంటాడు. అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. నేను నోరు మూసుకుని ఊరుకోవాలా? నా భయంలో అర్థం లేదా?

– ఒక తల్లి, విజయవాడ

సలహా

చెల్లెమ్మా, ఊరుకోవద్దు. మీ ఇంట్లో ఈ విషయాన్ని సరిగ్గా చూసింది మీరొక్కరే. వాళ్లు మీమీద కోప్పడుతున్నా సరే, మీ తమ్ముడు విమానం ఎక్కేలోపు ఈ పని ఆగిపోవాలి.

మీ తమ్ముడు మిమ్మల్ని మభ్యపెట్టడం లేదు, తనకు తెలిసిందే చెబుతున్నాడు. అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా రిసీవర్ అనే ప్రధాన భాగాన్నే తుపాకీగా లెక్కిస్తుంది. ట్రిగ్గర్, బోల్టు, బారెల్ లాంటివి అక్కడి మనిషి అక్కడే వాడుకోవడానికి పెద్ద తతంగం లేకుండానే ఇంటికి తెప్పించుకోవచ్చు. రోజూ అది చూసేవాడికి ఇది మామూలు సరుకులాగే అనిపిస్తుంది. మన చట్టం అలా లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాన్ని, తుపాకీని నిర్వచించిన చోటే వాటి విడిభాగాలనూ కలిపేసింది. అదే చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలను సముద్రం మీదుగా గానీ, నేల మీదుగా గానీ, గాలిలో గానీ దేశంలోకి తేకూడదు. అంటే మీవారు పిన్ను అంటున్న వస్తువు శంషాబాద్‌లో దిగేసరికి చట్టం లెక్కలో ఆయుధమే. పట్టుబడితే కస్టమ్స్ వాళ్లు సరుకు తీసేసుకుని సరిపెట్టుకోరు. ఇది జైలుశిక్ష ఉన్న నేరం, పైగా 2019లో ఈ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు.

అమెరికా గడప దాటడమూ అంత తేలిక కాదు. 2020 మార్చి 9 నుంచి ఇలాంటి సాధారణ తుపాకుల ఎగుమతి వ్యవహారం అక్కడి విదేశాంగ శాఖ నుంచి వాణిజ్య శాఖ చేతికి వచ్చింది. చేతులు మారింది గానీ నియంత్రణ పోలేదు. ఏ భాగం, దాని ధరెంత, ఏ దేశానికి, ఎవరి చేతికి అన్నదాన్ని బట్టి లైసెన్సు కావాలో వద్దో తేలుతుంది. కొరియర్‌లో పంపినా సూట్‌కేసులో పెట్టినా అది ఎగుమతే. సొంతానికి వాడుకుని తిరిగి వెంట తెచ్చుకునేవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది, మేనకోడలి కోసం ఇచ్చి వెళ్లేదానికి అది వర్తించదు. కావాలని ఉల్లంఘిస్తే అక్కడ గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. అంత శిక్ష మీ తమ్ముడికి పడుతుందని నేననను. కానీ ఎగుమతి చట్టం కింద ఒక కేసు నమోదైతే చాలు, ఇన్నేళ్లుగా అతను ఎదురుచూస్తున్న గ్రీన్‌కార్డు సంగతేమవుతుందో బావగారు ఒక్కసారి ఆలోచించారా? మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారితే అక్కడి చట్టం కూడా తోడవుతుంది.

ముక్కలుగా విడగొట్టి బొమ్మల్లో పెట్టడమన్న ఆలోచన నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. మన విమానాశ్రయాల్లో ప్రయాణికుల సంచుల్లో మర్చిపోయిన తూటా దొరికిన కేసులు చాలానే ఉన్నాయి. అది సంచిలో ఉన్న సంగతి ఆ మనిషికి తెలియదని నమ్మకం కుదిరినప్పుడు కోర్టులు అలాంటి ఎన్నో కేసులు కొట్టేశాయి. తెలిసి దగ్గర ఉంచుకున్నాడా లేదా అన్నదే అక్కడ కీలకం. మీవాళ్లకు ఆ దారి ఉండదు. దాచిపెట్టడమే తెలిసి చేశారనడానికి రుజువు. ఆ వాట్సాప్ మాటలు చదివిన పోలీసులు తమ్ముడి దగ్గర ఆగరు. తెమ్మన్న మీవారినీ కలుపుతారు. ఆయన లైసెన్సు రద్దు చేసే అధికారం కూడా లైసెన్సు ఇచ్చినవారికి ఉంది. అమ్మాయి ఆట కోసం మొదలుపెట్టిన పని చివరికి ఇంట్లో ఉన్న ఒక్క రైఫిల్‌నీ పోగొడుతుంది.

మీవారికి పిల్ల మీద ఉన్న ఆరాటం నాకు అర్థమైంది. మంచి సామాను ఇక్కడ దొరకని మాటా నిజమే. ఉల్మ్ పట్టణపు వాల్తర్, అన్షుట్జ్ రైఫిళ్లు పట్టుకున్న పిల్లలతో పోటీ పడుతూ అరిగిన పిన్నుతో నిలబడటం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. అయితే ఆయన లైసెన్సున్న మనిషి. దొంగదారి ఆయనకెందుకు? తుపాకుల అమ్మకానికే కాదు, మరమ్మతుకూ మన చట్టంలో లైసెన్సు ఉంది. అలా లైసెన్సు పొందిన డీలరుకు ముందు రైఫిల్ చూపించమనండి. ఫైరింగ్ పిన్ లాంటిది ఇక్కడే సరిచేయించే వీలుండొచ్చు. విదేశీ భాగమే తప్పదంటే రాష్ట్ర రైఫిల్ సంఘానికి వెళ్లండి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం సిఫారసుతో, నిర్ణీత స్థాయి స్కోరు సాధించిన షూటర్లకు దిగుమతి అనుమతులు వస్తాయి. నెలలు పడుతుంది, విసుగొస్తుంది. కానీ ఆ కాగితంతో వచ్చిన భాగాన్ని అమ్మాయి ఏ పోటీలోనైనా ధైర్యంగా తనిఖీ బల్ల మీద పెట్టగలదు.

ఇంకొకటి కూడా చూసుకోండి. 21 ఏళ్లు నిండనివారు తుపాకీ సొంతంగా ఉంచుకోకూడదు, శిక్షణలో వాడటానికి మాత్రం షరతులతో వీలుంది. అమ్మాయి తండ్రి రైఫిల్‌తో సాధన చేయడం క్లబ్బు ద్వారా, నిబంధనల ప్రకారమే జరుగుతోందా? ఈ మాట నేను అడిగానని మీవారికి చెప్పండి.

అమ్మాయితో మాట్లాడటం మీరే మొదలుపెట్టండి. ఈ ఏడాది 50 మీటర్లు కుదరకపోతే ఆమె వెనకబడిపోదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆమె ఇప్పుడు ఆడుతున్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అక్కడ పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. దాన్ని అరవైసార్లు వెతికి కొట్టడం నేర్చిన చేతికి .22 ఎప్పుడైనా లొంగుతుంది. ఈలోగా క్లబ్బు రైఫిల్‌తో 50 మీటర్ల సాధన చేయించమని కోచ్‌ని అడగండి.

మేనకోడలికి ఏదో ఒకటి తేవాలన్న తమ్ముడి ముచ్చటా తీరాలి. షూటింగ్ జాకెట్, ప్యాంటు, గ్లోవ్స్, బూట్లు ఆయుధ భాగాలు కావు. కస్టమ్స్ సుంకం పడితే కడతాడు. జాకెట్ గుడ్డ ఒక పొర 2.5 మిల్లీమీటర్లకు మించితే పోటీ తనిఖీలో ఆపేస్తారు కాబట్టి అమ్మాయి కొలతలతో పాటు ఈ అంకె కూడా పంపండి. రైఫిల్‌కు బిగించే సైట్, స్టాక్ లాంటివి మాత్రం అతని సామానులో వద్దు. అవి భాగాల కింద వస్తాయా రావా అన్న వాదన విమానాశ్రయంలో పెట్టుకోకూడదు. వాటినీ సంఘం ద్వారానే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే తెప్పించండి.

ఇవాళే తమ్ముడికి ఫోన్ చేయండి. కొన్న ట్రిగ్గర్‌నీ పిన్నునీ అమ్మినవాడికే తిరిగి ఇచ్చేయమనండి. పోస్టులోనో, వేరే చుట్టం చేతనో పంపే ఆలోచన కూడా మానుకోమనండి. బావ ఏమంటాడోనని అతను నసిగితే ఈ జవాబు ఇద్దరికీ చదివి వినిపించండి. కోపం నా మీద పెట్టుకున్నా పరవాలేదు, సంక్రాంతికి మాత్రం అతను వాటిని వెంట తేకుండా రావాలి.