మాటలకు మాత్రమే ఫోను

ప్రశ్న: మా తల్లిగారు పాడేరు చేరువ పల్లెలో నివసించుచున్నారు. ఇంటర్నెట్టు అక్కఱలేదు. చౌకైన రీఛార్జి ఏది?

జవాబు: ధరకంటె ముందు సిగ్నలును విచారింపుడు, మన్యపు కొండల నడుమ ఒక కంపెనీ ఫోను పలుకుచోట వేఱొకటి మూగవోవుట సహజము గనుక, ఇరుగుపొరుగువారి ఫోన్లను మీ యింటిలోపలనే పరీక్షించి చూచుట కంపెనీల సిగ్నలు పటములను నమ్ముటకంటె మేలు. 28 దినముల ప్లాను నెలసరి వ్యయమువలె దోచును గాని సంవత్సరమునకు 13 మారులు చెల్లింపవలసివచ్చును. (ఆ పదుమూడవ నెలను కనిపెట్టిన గణితజ్ఞునకు నమస్కారము!) డేటా లేక, సంభాషణలకును సందేశములకును మాత్రమే పరిమితమైన ప్లానును ప్రతి కంపెనీయు నుంచవలెనని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయి శాసించినది, దుకాణదారుడు తనంతట చెప్పకపోవచ్చును, మీరే యడుగవలెను. కంపెనీ మార్చదలచినచో, ప్రస్తుత కంపెనీలో 90 దినములు నిండిన పిమ్మట 1900కు పోర్టు సందేశము పంపి పాత నంబరునే నిలుపుకొనవచ్చును. మిగిలిన బ్యాలెన్సు మాత్రము వెంటరాదు.